ఓకే బటన్ స్క్రీన్ కిందికి జారిపోతే

అటక మీద పడి ఉన్న పది అంగుళాల నెట్‌బుక్‌ని, అంటే బుల్లి లాప్‌టాప్‌ని దించి, దాంట్లో విండోస్‌కి బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిద్దామని కూర్చున్నాడు మా మేనల్లుడు. పెన్‌డ్రైవ్ తయారుచేశాడు, బూట్ చేశాడు, భాష ఎంచుకున్నాడు. అక్కడ ఆగిపోయాడు. "మావయ్యా, ఇందులో కంటిన్యూ బటనే లేదు. ఫైల్ సరిగ్గా డౌన్‌లోడ్ అయినట్టు లేదు" అన్నాడు. అప్పటికే పెన్‌డ్రైవ్ రెండుసార్లు చెరిపి మళ్ళీ రాశాడట.

ఆల్ట్ కీ నొక్కిపట్టి, విండో నడుమ ఎక్కడో ఖాళీ చోట మౌస్ పెట్టి పైకి లాగాను. విండో పేరుండే పైపట్టీ, అంటే టైటిల్ బార్, స్క్రీన్ పైఅంచు దాటి మాయమైంది. కింది నుంచి కంటిన్యూ బటన్ తాపీగా పైకొచ్చింది. వాడు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఇది మనవాడొక్కడి బాధ కాదు. లినక్స్ మింట్ వాళ్ళు తమ కనీస అవసరాల జాబితాలోనే 1024×768 స్క్రీన్ (వెడల్పు 1024, ఎత్తు 768 చుక్కలు, అంటే పిక్సెల్స్) కావాలని రాసి, అంతకన్నా చిన్నదైతే ఆల్ట్ నొక్కి విండోని లాగమని పక్కనే చెప్పారు. ఆ జాబితా ఎవరూ చదవరు, అంతే. ఆ నెట్‌బుక్ స్క్రీన్ 1024×600. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ముగిశాక పాత లాప్‌టాప్‌లలో లినక్స్ వేసి చూసేవాళ్ళకి ఇది ఎదురయ్యే అవకాశం ఎక్కువ.

అసలు కిటుకు ఎత్తులో ఉంది. వెడల్పు దాదాపు ఎప్పుడూ చాలుతుంది. చవక లాప్‌టాప్‌లలో ఏళ్ళ తరబడి వచ్చిన స్క్రీన్ 1366×768. అందులో 768 చుక్కల ఎత్తు మొత్తం మనది కాదు. కింద టాస్క్‌బార్ 40 తింటుంది, విండో టైటిల్ బార్ ఇంకో 30 దాకా తింటుంది. మిగిలిన 700లో విండో ఇమడాలి. చాలా డైలాగ్ విండోలకి, అంటే ఏదో అడిగి జవాబు కోరే చిన్న విండోలకి, ఇంతకన్నా కుదించడానికి వీల్లేని కనీస ఎత్తు ఉంటుంది, స్క్రోల్ బార్ ఉండదు. పెద్ద మానిటర్ ముందు కూర్చుని డిజైన్ చేసినవాళ్ళకి ఈ ఇబ్బంది కనపడదు మరి.

కింద ఓకే, అప్లై బటన్లు కనపడటం లేదు

లినక్స్‌లో అయితే పైన చెప్పిందే. మింట్‌లో దొరికే మూడు డెస్క్‌టాప్‌లు సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈలలో ఆల్ట్ కీ. ఉబుంటు అనే ఇంకో లినక్స్‌లోని గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఆల్ట్‌కి బదులు సూపర్ కీ, అంటే విండోస్ గుర్తున్న కీ. టైటిల్ బార్ పట్టుకుని లాగితే గ్నోమ్, సినమన్‌లలో పైఅంచు దగ్గరే ఆగిపోతుంది. కీ నొక్కి లాగితేనే అంచు దాటుతుంది. తేడా అంతా అక్కడే. టచ్‌ప్యాడ్ మొరాయిస్తే ఆల్ట్, ఎఫ్7 కలిపి నొక్కి, పై బాణం కీతో జరపండి, ఎంటర్ కొట్టండి. చిన్న లాప్‌టాప్‌లలో ఎఫ్7 మీద వాల్యూమో వెలుతురో ఉంటుంది కాబట్టి ఎఫ్ఎన్ కీ కూడా నొక్కాల్సి రావచ్చు.

విండోస్‌లో ఆల్ట్‌తో లాగడం లేదు. ఆల్ట్, స్పేస్ నొక్కితే చిన్న మెనూ వస్తుంది, అందులో ఎం నొక్కండి. మౌస్ గుర్తు నాలుగు వైపుల బాణంగా మారుతుంది. పై బాణం కీ నొక్కుతూ పోండి, బటన్ కనపడగానే ఎంటర్. విండో మాగ్జిమైజ్ అయి ఉంటే మూవ్ పనిచేయదు, ముందు అదే మెనూలో ఆర్ నొక్కి మామూలు సైజుకి తేవాలి.

ఇంకో మాట. బటన్ కనపడకపోయినా కీబోర్డ్‌కి అది తెలుసు. విండోస్ పాత కంట్రోల్ ప్యానెల్ విండోలలో మార్పు చేశాక ఎంటర్ కొడితే సాధారణంగా ఓకే నొక్కినట్టే, ఎస్కేప్ అంటే క్యాన్సిల్. అయితే గుడ్డిగా ఎంటర్ కొట్టడం సెట్టింగ్స్‌లో సరే గానీ, డిస్క్ విభజించే చోటా, ఏదైనా డిలీట్ చేసే చోటా వద్దే వద్దు.

మరి గ్నోమ్, సినమన్ సెట్టింగ్స్‌లో? అక్కడ చాలా చోట్ల ఓకే బటనే లేదు. మీట తిప్పగానే మార్పు అమలైపోతుంది. కొందరు పావుగంట వెతికేది అసలు లేని బటన్ కోసం!

అన్నీ పెద్దగా ఉన్నాయి, ఏ విండో చూసినా పట్టడం లేదు

ముందు స్కేలింగ్, అంటే అన్నిటినీ ఎంత శాతం పెద్దగా చూపించాలనే సెట్టింగ్, చూడండి. అక్షరాలు కంటికి ఆనక 125 శాతం పెడతాం. దాంతో 768 చుక్కల ఎత్తు లెక్కకి 614 అవుతుంది. 150 పెడితే 512, అంటే నెట్‌బుక్ కన్నా ఇరుకు. 1920×1080 స్క్రీన్ ఉన్నవాళ్ళూ 150 దగ్గర 720కి దిగిపోతారు. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలో స్కేల్ 100కి తెచ్చి చూడండి. ఒకే ఒక్క పాత ప్రోగ్రామ్‌తో తంటా అయితే మొత్తం స్క్రీన్ మార్చక్కర్లేదు. ఆ ప్రోగ్రామ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, ఓవర్‌రైడ్ టిక్ పెట్టి అప్లికేషన్ ఎంచుకోండి. అది చాలాసార్లు చిన్నగా, కానీ మొత్తంగా కనపడుతుంది.

లినక్స్‌లో అక్షరాల సైజే తగ్గించవచ్చు. సినమన్‌లో ఫాంట్ సెలెక్షన్‌లో టెక్స్ట్ స్కేలింగ్ ఫ్యాక్టర్ 1.0 నుంచి 0.9కి, ఎక్స్‌ఎఫ్‌సీఈలో అపియరెన్స్, ఫాంట్స్‌లో కస్టమ్ డీపీఐ 96 నుంచి 84కి.

స్కేల్ 100లోనే ఉన్నా అన్నీ సాగదీసినట్టు, లావుగా కనపడుతుంటే అది రిజల్యూషన్, అంటే తెర మీది చుక్కల లెక్కలో తేడా. విండోస్ కొత్తగా వేశాక గ్రాఫిక్స్ డ్రైవర్ (తెరని నడిపే సాఫ్ట్‌వేర్) లేకపోతే ఇలా అవుతుంది. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అదే కారణం. లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ వేస్తే సరిపోతుంది.

రిజల్యూషన్ మార్చినప్పుడు విండోస్ "ఈ మార్పు ఉంచమంటారా" అని అడిగి 15 సెకన్లు ఆగుతుంది. ఆ ప్రశ్నే తెర దాటిపోయిందా? చేతులు కట్టుకుని కూర్చోండి, పాత స్థితికి అదే వస్తుంది.

మౌస్ కదిపితే స్క్రీన్ మొత్తం దాంతోపాటే జరుగుతోంది

మాగ్నిఫయర్, అంటే తెరని భూతద్దంలా పెద్దది చేసి చూపే విండోస్ సదుపాయం, ఆన్ అయింది. విండోస్ కీ, ప్లస్ పొరపాటున కలిసి నొక్కుడు పడి ఉంటాయి. విండోస్ కీ, ఎస్కేప్ నొక్కితే పోతుంది.

విండో తెరుచుకుంది, టాస్క్‌బార్‌లో ఉంది, స్క్రీన్ మీద లేదు

నిన్న ఆఫీసు ప్రొజెక్టర్‌కో ఇంట్లో టీవీకో తగిలించారా? విండో ఇంకా ఆ రెండో తెర మీదే ఉన్నాననుకుంటోంది. టాస్క్‌బార్‌లో దాన్ని క్లిక్ చేసి, విండోస్ కీ, షిఫ్ట్, ఎడమ బాణం నొక్కండి. రాకపోతే విండోస్ కీ, పి నొక్కి పీసీ స్క్రీన్ ఓన్లీ ఎంచుకోండి.

భాష తెలుగులోకి మార్చాకే మొదలైంది

ఈ ఫిర్యాదు వినగానే కొట్టిపారేసేవాళ్ళున్నారు, కానీ ఇందులో నిజముంది. ఇంగ్లిష్ అక్షరం ఒక గీత మీద నిలబడితే సరిపోతుంది. మనకి "రాష్ట్రీయ" అని రాయాలంటే పైన గుడిదీర్ఘం, కింద టవత్తు, దానికి తోడు రావత్తు. అవి పక్క వరుసకి తగలకుండా తెలుగు ఫాంట్లు పైనా కిందా జాగా వదులుతాయి. అందుకే అదే సైజులో తెలుగు వరుస ఎక్కువ ఎత్తు తీసుకుంటుంది. వరుసకి 4 చుక్కలే పెరిగాయనుకోండి, పన్నెండు వరుసల విండో 48 చుక్కలు పెరిగింది. అంటే ఒక బటన్ ఎత్తు కన్నా ఎక్కువే. పైగా మన మాటలు పొడుగు. ఇంగ్లిష్‌లో ఒక వరుసలో ఒదిగింది తెలుగులో రెండో వరుసకి దిగుతుంది.

దీనికి భాష మార్చేయమని నేను చెప్పను. అక్షరాల సైజు ఒక పాయింట్ తగ్గించి చూడండి, మరీ తగ్గిస్తే ఒత్తులు చీమతలల్లా కనపడి చదవలేం. అంతకన్నా మంచిది టాస్క్‌బార్‌ని దాచడం. ఆటోమేటిక్‌గా దాగేలా పెడితే 40 చుక్కలు తిరిగొస్తాయి. విండోస్ 10లో టాస్క్‌బార్‌ని, మింట్‌లో అదే పని చేసే ప్యానెల్‌ని ఎడమ పక్కకి నిలువుగా కూడా పెట్టుకోవచ్చు. వెడల్పు ఎలాగూ ఉంది కదా, నేనైతే ఇలాగే వాడుతున్నాను.

ఏం చేసినా పట్టలేదు

ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించి, ఆ పెద్ద తెర మీద పని చూసుకుని పీకేయండి. టీవీ లేకపోతే లాప్‌టాప్‌నే నిలబెట్టండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఓరియెంటేషన్‌ని పోర్ట్రెయిట్ చేస్తే 768 వెడల్పై, 1366 ఎత్తవుతుంది. అంత ఎత్తు మించే డైలాగ్ విండో నాకింతవరకూ తగల్లేదు. లాప్‌టాప్‌ని పుస్తకంలా పక్కకి తిప్పి ఒళ్ళో పెట్టుకోవాలి, టచ్‌ప్యాడ్ మీద వేలు పైకి జరిపితే మౌస్ గుర్తు పక్కకి పోతుంది. ఒక మౌస్ తగిలించుకుంటే ఆ తిప్పలు తప్పుతాయి. పని అవగానే అదే చోట మళ్ళీ లాండ్‌స్కేప్‌కి మార్చేయండి.