స్కాలర్‌షిప్ ఎక్కడ ఆగింది? టెన్త్, ఇంటర్ పిల్లలకు సమస్య - పరిష్కారం

తిరుపతి, చిత్తూరు సచివాలయాల చుట్టూ తిరిగే పిల్లల్లో చాలామందికి మార్కులతో పేచీ ఉండదు. పేరులో ఒక అక్షరం, బ్యాంకులో ఒక మ్యాపింగ్ (ఆధార్‌ను అకౌంట్‌కు ముడిపెట్టడం), అంతే. పోర్టల్ తెరవకముందే ఈ రెండూ చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

సమస్య: స్టేటస్‌లో శాంక్షన్ అని ఉంది, అకౌంట్లో డబ్బు పడలేదు

ఆధార్ ఆధారంగా వచ్చే డబ్బు ఫారంలో రాసిన అకౌంట్ నంబరు చూసుకుని రాదు. ఏ ఆధార్ ఏ బ్యాంకుకు ముడిపడిందో చూపే జాబితా ఎన్‌పీసీఐ మ్యాపర్. అందులో మీ ఆధార్‌కు చివరగా సీడ్ అయిన (ముడిపడిన) బ్యాంకుకే పోతుంది. బ్యాంకులో ఆధార్ జిరాక్స్ ఇచ్చి "లింక్ అయిపోయింది" అనుకుంటారు. అది కేవైసీ మాత్రమే. సీడింగ్‌కు విడిగా సమ్మతి ఫారం ఇవ్వాలి. ఆ తర్వాత ఇంకో బ్యాంకులో కొత్త అకౌంట్ తెరుస్తూ అక్కడా సమ్మతి ఇస్తే మ్యాపింగ్ అటు మారిపోతుంది.

మై ఆధార్ సైట్‌లో లాగిన్ అయి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' నొక్కండి. అక్కడ ఏ బ్యాంకు పేరుంటే ఆ పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించండి. చాలాసార్లు డబ్బు అక్కడే కూర్చుని ఉంటుంది. 'ఇనాక్టివ్' అని ఉంటే బ్రాంచికి వెళ్లి సీడింగ్ ఫారం మళ్లీ ఇవ్వాలి. రెండేళ్లుగా లావాదేవీ లేని అకౌంట్ అయితే ముందు కేవైసీ ఇచ్చి దాన్ని తిరిగి తెరిపించుకోవాలి.

సమస్య: నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ ఓటీఆర్‌లో (వన్ టైమ్ రిజిస్ట్రేషన్) ముఖం పోల్చడం లేదు

ఆధార్‌లో ఉన్నది చిన్నప్పటి ఫోటో కావచ్చు. 15 ఏళ్లు నిండాక బయోమెట్రిక్ అప్‌డేట్ తప్పనిసరి. 17 లోపు చేయించుకుంటే ఉచితం. అదే కేంద్రంలో ఇప్పుడు ఇంట్లో వాడుతున్న ఫోన్ నంబరు కూడా ఎక్కించండి, లేకపోతే ఓటీపీ నాన్న వదిలేసిన పాత సిమ్‌కు పోతుంది.

సమస్య: పేరు సరిపోలడం లేదు

మెమోలో 'పూల మునికుమార్', ఆధార్‌లో 'పి ముని కుమార్'. మనకు ఒకటే, కంప్యూటర్‌కు ఇద్దరు. టెన్త్ మెమోను కదిలించకుండా ఆధార్‌నే దానికి తగ్గట్టు మార్పించండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి రెండే అవకాశాలు, పుట్టినతేదీకి ఒక్కటే. కాబట్టి స్పెల్లింగ్ కాగితం మీద రాసుకుని వెళ్లండి. తర్వాత బ్యాంకులోనూ అదే పేరు పెట్టించండి.

సమస్య: కాలేజీ పేరు లిస్టులో కనబడడం లేదు

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిపోయింది. శ్రీకాళహస్తి, చంద్రగిరి వైపు కాలేజీలకు రెండు జిల్లాల కిందా వెతకండి. ప్రతి కాలేజీకీ ఒక గుర్తింపు కోడ్ ఉంటుంది. కాలేజీ ఆఫీసులో డిగ్రీకైతే ఏఐఎస్‌హెచ్‌ఈ కోడ్, ఇంటర్‌కైతే యూడైస్ కోడ్ అడిగి తెచ్చుకుంటే ఇంకా తేలిక.

సమస్య: ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) ఇంటర్‌లో ఆగిపోయింది

ఏడాదికి 12,000 చొప్పున ఇంటర్ రెండో ఏడాది దాకా వచ్చే డబ్బు ఇది. ఏటా రెన్యూవల్ పెట్టాలి. టెన్త్‌లో 60 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 55) రావాలి. ప్రైవేటు కాలేజీలో చేరితే అంతటితో సరి. సీటు తీసుకునే ముందే ఈ లెక్క వేసుకోండి.

సమస్య: 85 శాతం వచ్చినా సెంట్రల్ సెక్టార్ స్కీమ్‌లో అర్హత లేదంటోంది

డిగ్రీ పిల్లలకు కేంద్రం ఇచ్చే ఈ స్కాలర్‌షిప్‌లో చూసేది శాతం కాదు, పర్సంటైల్. అంటే బోర్డులో మీరు నూటికి ఎంతమంది కంటే ముందున్నారన్నది. ఇంటర్ బోర్డులో 80వ పర్సంటైల్ పైన ఉండాలి, కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటకూడదు. డిగ్రీలో ఏడాదికి 12,000 ఇస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటూ దీన్నీ తీసుకోవడం కుదరదు. ఇంజనీరింగ్‌లో రీయింబర్స్‌మెంట్ వచ్చేవాళ్లు దీని జోలికి పోకపోవడమే లాభం. ఆదాయం 2.5 లక్షలు దాటి రీయింబర్స్‌మెంట్‌కు దూరమైన ఇళ్లకు మాత్రం ఇది బంగారమే.

సమస్య: సబ్మిట్ చేసి నెలలైంది, కదలిక లేదు

చాలాసార్లు కాలేజీ లాగిన్‌లో వెరిఫై కాకపోవడమే కారణం. ప్రింటు తీసుకుని ఆఫీసులో స్కాలర్‌షిప్ చూసే వాళ్లకు చేతికివ్వండి. 'డిఫెక్టివ్' అని వెనక్కి వస్తే గడువులోపే సరిదిద్ది మళ్లీ ఫైనల్ సబ్మిట్ నొక్కాలి. సేవ్ చేసి వదిలేస్తే లెక్కలోకి రాదు.