లాటిన్ స్వబోధిని – 9వ పాఠం: రెండు పడవల మీద కాళ్లున్న ‘దొముస్’

లాటిన్ నామవాచకాలను విభక్తి రూపాలను బట్టి వర్గాలుగా విడదీస్తారు. వాటిలో రెండో వర్గంలో ‘సెర్వుస్’ (బానిస) షష్ఠి ‘సెర్వీ’ అనీ, నాలుగో వర్గంలో ‘మనుస్’ (చేయి) షష్ఠి ‘మనూస్’ అనీ నేర్చుకున్నాం. ఈ వారం మాట ‘దొముస్’, అంటే ఇల్లు. ఇది రెండు వర్గాల రూపాలనూ వాడుకుంటుంది. పైగా ‘ఉస్’తో ముగిసినా స్త్రీలింగం. కొత్త ఇంటిని ‘నొవ దొముస్’ అనాలి, ‘నొవుస్’ అనకూడదు.

దీని చుట్టం మనకు తెలిసిందే. ఋగ్వేదం మొదటి సూక్తంలోని ‘స్వే దమే’ (తన ఇంట్లో) అన్న మాటలో ఉన్న ‘దమ’, ‘దంపతి’లోని మొదటి భాగం, ‘దొముస్’ ఒకే మూలం నుంచి వచ్చాయి. అంతమాత్రాన లాటిన్ సంస్కృతం నుంచి పుట్టిందనుకోవద్దు. రెండింటికీ మూలభాష ఒకటి, అంతే.

ఏకవచనం: ప్రథమ దొముస్, ద్వితీయ దొముమ్, చతుర్థి దొముయీ, పంచమి దొమో, షష్ఠి దొమూస్. వీటిలో ‘దొమో’ రెండో వర్గం నుంచి తెచ్చుకున్నది. బహువచనం: ప్రథమ దొమూస్, ద్వితీయ దొమోస్, షష్ఠి దొముఉమ్ లేదా దొమోరుమ్, చతుర్థికీ పంచమికీ దొమిబుస్. అగస్టస్ చక్రవర్తి ఏకవచన షష్ఠిని ‘దొమోస్’ అని రాసేవాడని ఆయన జీవితచరిత్ర రాసిన రోమన్ రచయిత సుయెటోనియస్ చెప్పాడు. రూపాలు తడబడితే మరీ సిగ్గుపడనక్కర్లేదు.

బడిపిల్లలు వల్లించే పాత పాదం ఒకటుంది: ‘తొల్లె మే, మూ, మీ, మిస్, సీ దెక్లీనారె దొముమ్ వీస్’. దొముస్‌కు విభక్తులు చెప్పాలంటే ‘మే, మూ, మీ, మిస్’ చివర్లు తీసెయ్యమని అర్థం. అయితే ఇక్కడ వెళ్లగొట్టిన ‘మీ’ సప్తమిలో బతికే ఉంది: ‘దొమీ’ అంటే ఇంట, ఇంట్లో.

అసలు పట్టు ఇక్కడే. నగరానికి వెళ్లాలంటే ‘అద్ ఉర్బెమ్’ అంటూ ముందు ‘అద్’ చేర్చాలి. ఇంటికైతే ఏదీ అక్కర్లేదు: ‘దొముమ్’ ఇంటికి, ‘దొమో’ ఇంటి నుంచి, ‘దొమీ’ ఇంట. ఊళ్ల పేర్లదీ ఇదే పద్ధతి: ‘రోమామ్’ రోముకు, ‘రోమై’ రోములో. కట్టడాన్ని ఉద్దేశిస్తే మాత్రం ‘ఇన్ దొమో’ అనవచ్చు. ‘దొమీ మీలితియైక్వె’ అని జంటగా వాడితే ఇంటా యుద్ధంలోనూ అని అర్థం. మన ‘ఇంటా బయటా’కు దగ్గరి పలుకుబడి. మన ‘ఇల్లు’ కూడా ‘ఇంటి’, ‘ఇంట’ అంటూ తిన్నగా నడవదు కదా!

అభ్యాసం: ‘పతెర్ దొమీ ఎస్త్’, ‘ఫీలియుస్ దొముమ్ వెనిత్’, ‘సెర్వుస్ దొమో ఎక్సిత్’. పతెర్ తండ్రి, ఫీలియుస్ కొడుకు; ఎస్త్ ఉన్నాడు, వెనిత్ వస్తున్నాడు, ఎక్సిత్ బయటికి వెళ్తున్నాడు. తెలుగులోకి మార్చి, మూడింటిలోనూ విభక్తి ఏదో పక్కన రాయండి. జవాబులు 10వ పాఠంలో.