మన బండి, మన చెయ్యి – 5వ పాఠం: కారే పెట్రోల్ కాక్ (మళ్లీ)

పోయిన పాఠం చూసి కాక్ (ట్యాంకు కింద పెట్రోలుని వదిలే, ఆపే కుళాయి) విప్పినవాళ్లలో కొందరికి ఇప్పుడు ముందుకన్నా ఎక్కువ కారుతోందట. తప్పు సగం నాదే. విప్పడం చెప్పాను, లోపలి సామాను ఏ వరుసలో ఉందో చూసుకోమనడం మరిచాను. కాబట్టి కార్బొరేటర్ పాఠం వాయిదా.

ఈసారీ యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు కాక్ మీదే చెబుతాను. ట్యాంకు ఖాళీ చేయడం, నిప్పుకి దూరంగా కూర్చోవడం మళ్లీ చెప్పను.

ముందు కాక్‌ని పొడిగుడ్డతో తుడిచి, న్యూస్‌పేపర్ ముక్క ఆనించి చూడండి. ట్యాంకుకి ఆనే చోట తడి తగిలితే ఓ-రింగు (అక్కడుండే గుండ్రటి రబ్బరు రింగు) పోయింది. మీట దగ్గర తగిలితే లోపలి రంధ్రాల రబ్బరు. బయటంతా పొడిగా ఉండి, ఆఫ్‌లో పెట్టినా పైపులోంచి చుక్కలు పడుతుంటే, అదీ ఆ రబ్బరు పనే.

బిగించే వరుస ఇది: బాడీలో రబ్బరు, దాని మీద మీట, ఆపైన వంకర వాషరు, రేకు, రెండు స్క్రూలు. ఆ వాషరు వంకరగానే ఉండాలి. స్ప్రింగులా మీటని రబ్బరుకేసి నొక్కేది అదే. ఒకాయన వంగిపోయిందనుకుని సుత్తితో చదును చేశారు!

ఇక నాకు ఒళ్లు మండే విషయం, సిలికాన్ పేస్టు. కారుతోంది కదా అని రబ్బరు చుట్టూ పూసేస్తారు. మామూలు సిలికాన్ పెట్రోలుకి ఉబ్బి, మెత్తబడి, తునకలుగా ఊడుతుంది. ఆ తునకలు పైపు వెంట దిగి కార్బొరేటర్ జెట్టులో (పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రంలో) ఇరుక్కుంటాయి. రబ్బరు రంధ్రాల్లోకి పేస్టు పాకితే ఆన్‌లో పెట్టినా పెట్రోలు దిగదు. అప్పుడు ప్లగ్గు మార్చి, ఎయిర్ ఫిల్టర్ కడిగి, చివరికి కిక్కు కొట్టీ కొట్టీ కాలు నొప్పి తెచ్చుకుంటారు. సైకిల్ ట్యూబు కత్తిరించి పెట్టడమూ ఇంతే, పెట్రోలులో నానితే ఉబ్బిపోతుంది. టెఫ్లాన్ టేపు కుళాయి మరలకి. ఇక్కడ దానికి పనే లేదు. కొత్త రబ్బరు కొనండి. పాతదాన్ని కొలతకి తీసుకెళ్లకండి, నాని ఉబ్బి ఉంటుంది. బండి మోడల్ చెప్పి అడగండి.

బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక పాత రబ్బర్ల మీద నాకు నమ్మకం పోయింది. విప్పానంటే కొత్తదే వేస్తాను. మీట లోపలి ముఖం మీద సన్నటి గీతలుంటే అద్దం మీద 1000 నంబరు వాటర్ పేపర్ (తడిపి వాడే నున్నటి గరుకు కాగితం) పరిచి, తడిపి, మెల్లగా రుద్దండి. గుంటలు పడితే రుద్ది లాభం లేదు, కాక్ మొత్తం మార్చేయండి. స్క్రూలు రెండూ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించండి. ఒకటే గట్టిగా లాగితే రేకు వంగుతుంది.

అభ్యాసం: పాత సామాన్ల కొట్టులో ఒక పొడి కాక్ సంపాదించి, కళ్లు మూసుకుని ఐదుసార్లు విప్పి బిగించండి. వాషరు వంకర వేలికి తెలియాలి. ఆ తర్వాతే మీ బండి జోలికి వెళ్లండి. బిగించాక కాక్‌ని ఆఫ్‌లో ఉంచి, పైపు కొసని గాజు సీసాలో పెట్టి, ఆరుబయట రెండు గంటలు దగ్గరే కూర్చోండి. సీసాలో ఒక్క చుక్క పడినా మళ్లీ విప్పాల్సిందే.