నిలబడే ఒరిగామి బొమ్మలకు ఆధారం ఇవ్వడం, వాటిని ప్రదర్శించడం

కాగితంతో మడిచిన గుర్రమో కొంగో నిలబడకపోతే వెంటనే జిగురు కోసమో తీగ కోసమో వెతకడం సరికాదు. అది ఎందుకు పడుతున్నదో ముందుగా తేల్చుకోవాలి. బొమ్మను సమతలమైన గాజు పలకపై నిలబెట్టి కొంతసేపు గమనించండి. వదిలిన వెంటనే ప్రతిసారీ ఒకే వైపునకు పడితే దాని గరిమనాభి (బొమ్మ బరువంతా కేంద్రీకరించినట్టు పనిచేసే బిందువు) పాదాల మధ్య ఉన్న స్థలాన్ని దాటి బయటకు పోయిందని అర్థం. పడకుండా ఒక మూలకు ఊగుతూ ఉంటే ఒక కాలు పొట్టిగా ఉన్నట్టు. మొదట చక్కగా నిలబడి, మర్నాటికి కాళ్లు ఎడంగా జరిగి పొట్ట కిందికి దిగితే, మడతలలోని పొరలు విచ్చుకుంటున్నాయన్న మాట. నాలుగు కాళ్ల జంతువులలో ఎక్కువగా కనిపించేది ఈ మూడవ లోపమే. మడిచిన కాగితపు నార తిరిగి చాపుకోవడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది, గాలిలోని తేమ దానికి తోడవుతుంది.

మొదటి రెండు లోపాలను చాలావరకు మడతలతోనే సరిదిద్దవచ్చు. తల బరువుతో ముందుకు వాలే బొమ్మకు ముందు కాళ్లను కొద్దిగా ముందుకు జరపాలి, లేదా మెడను వెనక్కు వంచాలి. పక్షి అయితే తోకను నేలకు ఆనించి మూడవ కాలుగా వాడుకోవచ్చు. కాలి చివర నాలుగైదు మిల్లీమీటర్లను అడ్డంగా మడిచి పాదంగా చేస్తే నిలకడ ఎంతో పెరుగుతుంది. పొట్టి కాలిని సరిచేయడానికి మిగిలిన కాళ్లను కత్తిరించకండి. పాదం మడతను కాస్త పైకో కిందికో మార్చితే చాలు. తేలిక భాగం వైపు పొరల మధ్య చిన్న ఉక్కు గుండు దాచడం కూడా మంచి ఉపాయమే.

పొరలు విచ్చుకోకుండా ఆపడానికి నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది మిథైల్ సెల్యులోజ్ అనే జిగురు పొడి. ఈ పొడి చన్నీళ్లలో నేరుగా వేస్తే ఉండకడుతుంది. వేడినీళ్లలో కరగదు గాని ఉండ కట్టకుండా విడివిడిగా కలుస్తుంది, ఆ నీళ్లు చల్లారే కొద్దీ కరిగి పారదర్శకమైన చిక్కని జిగురుగా మారుతుంది. దానిని సన్నని కుంచెతో కాళ్ల లోపలి పొరలకు పలుచగా పూసి, వేళ్లతో నొక్కి, కాళ్లను కావలసిన భంగిమలో ఉంచి ఆరబెట్టాలి. ఆరేటప్పుడు బొమ్మను థర్మాకోల్ పలకపై నిలబెట్టి, ప్రతి కాలికి ఇరువైపులా గుండుసూదులు గుచ్చాలి. సూది కాగితాన్ని ఆనుకుని నిలవాలే తప్ప దానిలోంచి దిగకూడదు. ఒక రోజంతా కదపకుండా ఉంచితే కాళ్లు బిరుసెక్కుతాయి. భంగిమ నచ్చకపోతే మళ్లీ తడిపి సరిదిద్దుకునే వీలుండడం దీనిలోని గొప్ప సౌలభ్యం. అయితే రంగు కాగితాలు తడికి మరకలు పడతాయి కనుక అదే కాగితపు ముక్కపై ముందుగా పరీక్షించడం తప్పనిసరి. దళసరి కాగితాన్ని మడిచేటప్పుడే తడిపి, ఆరాక ఆకారం నిలిచేలా చేసే పద్ధతిని జపాన్ కళాకారుడు అకిరా యోషిజావా (1911–2005) రూపొందించారు. ఆ పద్ధతిలో చేసిన బొమ్మలకు విడిగా ఆధారం అవసరం పడటం అరుదు.

కాళ్లు మరీ సన్ననివైతే తీగ తప్పదు. అరచేతిలో ఇమిడే బొమ్మకు సుమారు 0.5 మిల్లీమీటర్ల మందం, అంతకు పెద్దదానికి 0.8 మిల్లీమీటర్ల మందం గల తీగ సరిపోతుంది. మామూలు ఇనుప తీగ తుప్పు పట్టి కాగితంపై మరక వేస్తుంది కనుక స్టెయిన్‌లెస్ స్టీలు తీగ మేలు. ఎదురెదురు కాళ్లకు రెండు వేర్వేరు ముక్కలు పెట్టకుండా, ఒకే తీగను పొట్ట లోపలి మీదుగా వంచి రెండు కాళ్లలోకి దింపండి. అప్పుడు కాళ్ల మధ్య దూరాన్ని ఆ తీగే పట్టి ఉంచుతుంది. పొరలను పళ్లపుల్లతో నెమ్మదిగా విడదీయాలి. కాగితం చిరగకుండా తీగ మొనను ముందే ఆకురాయితో నున్నగా అరగదీయాలి. పాదం కింద ఒక సెంటీమీటరు తీగ బయటకు మిగలనివ్వండి.

ఆ మిగిలిన తీగ దిగేది పీఠంలోకి. బొమ్మను తెల్ల కాగితంపై నిలబెట్టి పాదాల స్థానాలను గుర్తించి, ఆ కాగితాన్ని చెక్క దిమ్మపై పరచి, గుర్తుల వద్ద 1 మిల్లీమీటరు రంధ్రాలు చేయాలి. జిగురు లేకుండానే తీగ బిగుసుకుంటే అంతకంటే కావలసినది లేదు, ఎందుకంటే బొమ్మను ఎప్పుడైనా విడదీయవచ్చు. ఎగిరే పక్షికి పొట్ట కింద ఒకే సన్నని పారదర్శక ఆక్రిలిక్ కడ్డీ చాలు. అయితే అది గరిమనాభికి సరిగ్గా కిందనే ఉండాలి. పక్షిని వేలి కొనపై నిలిపి చూస్తే ఆ చోటు దొరుకుతుంది. కాగితం తప్ప మరేదీ ఉండకూడదని భావించేవారు పీఠాన్ని కూడా మడిచి, పాదాలు దూరేందుకు దానిలో చిన్న జేబులు వదలవచ్చు. నా దృష్టిలో ఇదే అత్యంత అందమైన పరిష్కారం. వేడి జిగురు, సెల్లోటేపు మాత్రం వాడవద్దు. మొదటిది గడ్డలుగా కనిపిస్తుంది, రెండవది కాలక్రమేణా పసుపెక్కి కాగితాన్ని పాడుచేస్తుంది.

ప్రదర్శించే చోట నేరుగా ఎండ పడకూడదు. వెలుతురు వల్ల కలిగే నష్టం పోగవుతూ పోతుంది కనుకనే సంగ్రహాలయాలు కాగితపు వస్తువులకు సాధారణంగా వెలుతురు 50 లక్స్ (వస్తువుపై పడే వెలుతురును కొలిచే ప్రమాణం) మించకుండా చూసుకుంటాయి. దీపం ఎదురుగా కాక ఒక పక్క నుంచి పడితే మడతల గీతలు నీడలతో స్పష్టంగా కనిపిస్తాయి. గాజు పెట్టెలో ఉంచేటట్టయితే బొమ్మ పూర్తిగా ఆరిన తరువాతే మూత వేయాలి, లేకపోతే బూజు పడుతుంది. పెట్టె లేని బొమ్మలపై దుమ్మును గుడ్డతో తుడవకుండా, కెమెరా లెన్సులకు వాడే రబ్బరు ఊదుడు బుడ్డితో ఊదాలి. చోటు మార్చేటప్పుడు బొమ్మను కాక పీఠాన్ని పట్టుకోవాలి.