డాబా తోట – 5వ పాఠం: ఆకు తిరగేసి చూడడం

కిందటి పాఠంలో చెప్పుకున్నట్టు కుండీల అడుగున చిల్లులు సరిచూసుకున్నారా? ఇంకా చూడకపోతే ముందు ఆ పని కానివ్వండి. కార్తీకం వచ్చింది కదా, ఇక వానలు పోయినట్టే అనుకోకూడదు. బంగాళాఖాతంలో వాయుగుండాలు బలపడే నెల నవంబరు. 1977లో దివిసీమను ఉప్పెన ముంచెత్తిందీ నవంబరు 19నే. గుంటూరు చుట్టుపక్కల దొరికే నల్లరేగడి అసలే నీళ్ళు పట్టుకుని కూర్చునే మట్టి. కుండీలో నీళ్ళు నిలిచాయంటే వేరు కుళ్ళుతుంది, ఆ తర్వాత పైనుంచి ఏం చేసినా లాభం ఉండదు.

ఇక ఈ వారం పందిరి చిక్కుడు సంగతి చూద్దాం. "ఆషాఢంలో విత్తనం పెట్టాం, పాదు పిట్టగోడంతా అల్లుకుంది, పూత మాత్రం లేదు" అని చాలామంది దిగులు పడుతుంటారు. విత్తనంలో లోపమేమీ లేదు. నాటు పందిరి చిక్కుడు పగలు తగ్గి రాత్రి పెరిగితేనే పూతకొస్తుంది. చామంతిదీ అదే స్వభావం. అందుకే ఆశ్వయుజం దాటాకే రెండూ కళకళలాడతాయి. పూత రావట్లేదని యూరియా మాత్రం వేయకండి, ఆకు ఇంకా గుబురెక్కుతుందే తప్ప పూత రాదు. వీధి దీపం వెలుగు రాత్రంతా పాదు మీద నేరుగా పడుతుంటే ఆ కొమ్మలకు పూత ఆలస్యం కావచ్చు. వాటిని చీకటి వైపు మళ్ళించి కట్టండి.

పూతతో పాటే పేనుబంక అనే సన్నటి పురుగు కూడా వస్తుంది. లేత చిగుళ్ళకు, పూగుత్తుల కాడలకు నల్లగా, గసగసాలు అద్దినట్టు పట్టేస్తుంది. దీనికి మగపురుగుతో పనిలేదు. ఆడపురుగు గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్నే కంటుంది, ఆ పిల్లలు వారం పది రోజుల్లో మళ్ళీ తల్లులవుతాయి. నిన్న శుభ్రంగా ఉన్న గుత్తి నాలుగు రోజులకల్లా నల్లబడేది ఇందుకే. చీమలు వరుస కట్టి పైకి పోతుంటే అక్కడ పేనుబంక ఉన్నట్టే లెక్క. అది విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి కూడా.

మందు సీసా తీయబోయే ముందు ఆ ఆకు తిరగేసి చూడండి. ఈ పాఠంలో నేర్చుకోవలసిన విద్య ఇదే. ఆకు అడుగున పసుపుపచ్చని సన్నటి గుడ్లు గుంపుగా, నిలువుగా నిలబెట్టినట్టు ఉంటే అవి అక్షింతల పురుగువి. పెద్ద పురుగును అందరూ గుర్తుపడతారు: గుండ్రంగా, నారింజ రంగు వీపు మీద వంకర నల్లగీతలతో ఉంటుంది. చిక్కంతా దాని పిల్లతోనే. తల్లి పోలిక ఒక్కటీ ఉండదు. పొడవుగా, నల్లగా, పక్కల పసుపు మచ్చలతో, ఆరు కాళ్ళ మీద చురుగ్గా పాకుతుంటుంది. చూడగానే ఏదో చెడ్డ పురుగనుకుని నలిపేస్తారు. ఆ మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే పెద్దయ్యేలోపు వందల పేనుబంకల్ని తినేది అదే. పక్కనే కూర్చుని చూస్తే ఒక్కో పేనును పట్టి, పీల్చి, తొక్క వదిలేసి ముందుకు పోవడం కంటికి కనిపిస్తుంది.

వంగ మొక్క మీద మాత్రం జాగ్రత్త. అక్కడ కనిపించే అక్షింతల పురుగు వేరే జాతి. రంగు మాసినట్టుంటుంది, వీపు మీద సన్నటి నూగు, ఎక్కువ చుక్కలు ఉంటాయి. దాని పిల్ల పసుపుపచ్చగా, ఒంటినిండా ముళ్ళతో ఉంటుంది. ఇది ఆకులో పచ్చదనాన్ని గీకి తినేసి జల్లెడలా మిగులుస్తుంది. దాన్ని గుడ్లతో సహా ఏరి సబ్బునీళ్ళలో వేసేయండి.

చిక్కుడు మీద అక్షింతల పిల్లలు కనిపిస్తే మందు జోలికి పోకుండా నాలుగు రోజులు ఆగండి. లేకపోతే బాగా పట్టిన గుత్తుల్ని తుంచేసి, మిగిలినవాటిని నీళ్ళ జోరుతో కడగండి. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నురగ కలిపి సాయంత్రం పూట కొట్టండి. పొద్దున కొడితే పూల మీదికొచ్చే తేనెటీగలకు దెబ్బ.

కొత్తిమీరకు ఇదే అదను. ధనియాలు చేత్తో నలిపి బద్దలు చేసి, రాత్రి నానబెట్టి పొద్దున చల్లండి. మొలకకు వారం పది రోజులు పడుతుంది, కంగారుపడి కుండీ తవ్వకండి. మెంతులైతే మూడు నాలుగు రోజుల్లోనే తలెత్తుతాయి.

ఆదివారం వీలైతే ఉప్పలపాడు వెళ్ళండి, గుంటూరుకు దగ్గరే. చెరువులోని చెట్ల మీద పక్షులు కిక్కిరిసి ఉంటాయి. పొద్దున్నే వెళితే మంచిది. అన్నీ కొంగలే అనుకోకుండా ముక్కులు చూడండి. ముక్కు కింద సంచి వేలాడితే గూడబాతు. పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ ఈకలు ఉంటే ఎర్రకాళ్ల కొంగ. ముక్కు మూసినా రెండు దవడల మధ్య సందు కనిపిస్తే నత్తగుల్ల కొంగ. నత్తల్ని తినడానికి దానికి ఆ ముక్కే ఆధారం. పెద్ద పక్షి దగ్గర ఇలా ఒక్క గుర్తు పట్టుకోవడం అలవాటైతే, చిక్కుడాకు కింద చిన్న పురుగు దగ్గరా కన్ను అలాగే ఆగుతుంది. పిల్లల్ని తీసుకెళ్ళండి, కేకలు మాత్రం వద్దని ముందే చెప్పండి.

వచ్చే పాఠం లోపు చేయవలసింది: పాదులో ఒకే గుత్తికి దారం కట్టి గుర్తు పెట్టుకోండి. రోజూ పొద్దున అదే గుత్తిలో పేనుబంక పెరిగిందా తగ్గిందా, అక్షింతల పిల్లలు ఎన్ని, చీమలు ఉన్నాయా అని ఒక్క వాక్యం రాయండి. ఆ కాగితం దగ్గర పెట్టుకునే ఆరో పాఠం మొదలుపెడదాం.