కాలనీ వీధిలో స్పీడ్ బ్రేకర్‌కు అర్జీ పెట్టే విధానం

హైదరాబాద్‌లో కాలనీ రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్ వేయాల్సింది బల్దియా (నగరపాలక సంస్థ) ఇంజనీరింగ్ విభాగం. ట్రాఫిక్ పోలీసుల మాటకూ విలువ ఉంటుంది కాబట్టి అర్జీ రెండు కాపీలు తీసి, ఒకటి సర్కిల్ ఆఫీసులో, మరొకటి మీ పరిధిలోని ట్రాఫిక్ స్టేషన్‌లో ఇవ్వండి. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలోనూ ఇవ్వొచ్చు. ఎక్కడ ఇచ్చినా ఫిర్యాదు నంబరో, ముద్ర వేసిన కాపీయో తీసుకోకుండా కదలొద్దు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో అయితే వార్డు సచివాలయంలో రోడ్లు, నీళ్ల వంటి వసతులు చూసే ఎమినిటీస్ సెక్రటరీని కలవాలి.

"మా వీధికి స్పీడ్ బ్రేకర్ కావాలి" అని ఒక్క ముక్క రాస్తే ఆ కాగితం ఫైల్లోనే ఉండిపోతుంది. ఏ వేళలో, ఎటునుంచి ఎటు బండ్లు దూసుకొస్తున్నాయి, దగ్గర్లో బడి గానీ ఆస్పత్రి గానీ ఉందా, ఇంతకుముందు ప్రమాదాలు జరిగాయా అన్నది రాయాలి. చేత్తో గీసిన స్కెచ్ చాలు. అందులో రోడ్డు వెడల్పు, మూల నుంచి దూరం, పక్కనున్న కరెంటు స్తంభం నంబరు, మ్యాన్‌హోల్, వాన నీళ్లు పారే దిక్కు చూపించండి. సంతకాలు కాలనీ అంతా తిరిగి వంద పెట్టించినా, స్పీడ్ బ్రేకర్ గుట్ట ఎవరి గేటు ముందు వస్తుందో ఆ రెండిళ్లవాళ్లవి లేకపోతే లాభం లేదు. బ్రేకుల చప్పుడు, గేటు ముందు నీళ్లు నిలవడం భరించేది వాళ్లే. పని మొదలయ్యే రోజున అడ్డుపడేదీ వాళ్లే.

చోటు ఎంపికకు, రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన ఐఆర్‌సీ 99 మార్గదర్శకాలు చూసుకోండి (2018లో సవరించారు). చిన్న వీధి పెద్ద రోడ్డులో కలిసే చోట, పెద్ద రోడ్డు అంచు నుంచి చిన్న వీధిలోకి 5 మీటర్ల దూరాన వేయమంటాయి. 1988 నాటి ప్రతి ప్రకారం వరుసగా వేస్తే ఒకదానికొకటి 100 నుంచి 120 మీటర్ల ఎడం ఉండాలి. ఇంటింటి ముందూ ఒకటి అడిగితే మొత్తానికే మోసం. జాతీయ రహదారి మీద అసలు అడగొద్దు.

పని ఆలస్యమవుతోందని రాత్రికి రాత్రి సిమెంటు పోసుకునే కాలనీలున్నాయి. అడుగు వెడల్పు, అరడుగు ఎత్తున లేచే ఆ దిమ్మె వేగం తగ్గించడం మాట అటుంచి, స్కూటర్ల అడుగు తాకిస్తుంది, చీకట్లో పడేస్తుంది. అనుమతి లేదు కాబట్టి తవ్వేస్తారు కూడా.

1988 నాటి ప్రతి ప్రకారం సరైన గుట్ట బండ్లు వెళ్లే దిక్కున 3.7 మీటర్ల వెడల్పున, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తున, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపుతో ఉంటుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేందుకు లెక్కగట్టింది. వేశాక మీరే కొలుచుకోవచ్చు. రోడ్డు చదునుగా ఉంటే, దారం ఒక కొస గుట్ట నడినెత్తిన నొక్కిపట్టి, రెండో కొసను బండ్లు వచ్చే వైపు 185 సెంటీమీటర్ల దూరాన సమమట్టంగా లాగి, అక్కణ్నుంచి రోడ్డుకు టేపు పెట్టండి. 10 సెంటీమీటర్లు దాటినా, నలుపు తెలుపు పట్టీలు వేయకపోయినా, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు పెట్టకపోయినా, ఫొటో జతచేసి పాత ఫిర్యాదు నంబరు మీదే మళ్లీ రాయండి.