‘రూల్ ఒప్పదు’ అంటే, ఆ రూలును ఎలా వెతికి పట్టుకోవాలి?

రాజాంలో మా బంధువొకాయన, తండ్రి పేరున ఉన్న పొలాన్ని తన పేరుకు మార్పించుకోవడానికి ఓ ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగాడు. వెళ్లిన ప్రతిసారీ ‘రూల్ ఒప్పదు’ అన్నారు. ఏ రూలో ఆయన అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. మొదట చేయాల్సింది అది అడగడమే.

గొడవ పడక్కర్లేదు. ‘దాని నెంబరు, తేదీ, శాఖ కాస్త రాసివ్వండి సార్’ అంటే చాలు. వట్టి ‘జీవో 5’ (ప్రభుత్వ ఉత్తర్వు 5) అంటే దొరకదు. శాఖకో 5, ఏడాదికో 5 ఉంటుంది. నెంబరుకు ముందు ఎంఎస్ ఉందా, ఆర్‌టీ ఉందా అన్నదీ రాసుకోండి. ఆర్‌టీ అంటే మామూలు రోజువారీ ఉత్తర్వు. విధానాలు ఎక్కువగా ఎంఎస్‌లో వస్తాయి.

తర్వాత అది చట్టమా, రూల్సా, జీవోనా, లేక పై ఆఫీసు కింది ఆఫీసులకు పంపే మెమోనా తేల్చుకోండి. పట్టాదారు పాసు పుస్తకాలకు 1971 నాటి చట్టం ఉంది, దాని కింద 1989 రూల్స్ ఉన్నాయి. ఆఫీసులో చూపించే మెమో వీటిని దాటి పోకూడదు.

చట్టాలు ఇండియా కోడ్ సైట్‌లో, ఆంధ్రప్రదేశ్ జీవోలు ‘జీవోఐఆర్’ సైట్‌లో ఉంటాయి. అక్కడ శాఖ సరిగ్గా ఎంచుకోవాలి. పింఛను అనగానే సాంఘిక సంక్షేమ శాఖలో వెతుకుతాం, కానీ ఆ జీవోలు ఇచ్చేది పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ. ఇంకో చిక్కు: 2021 ఆగస్టులో ఆ సైట్‌లో జీవోలు పెట్టడం ఆపేశారు, మళ్లీ 2024 ఆగస్టులో మొదలుపెట్టారు. ఆ మధ్యకాలానివి కనబడకపోతే ఈ-గెజిట్‌లో (ప్రభుత్వ రాజపత్రం సైట్) చూడండి.

జీవో దొరికిందని సంబరపడి వెంటనే ప్రింట్ తీయకండి. పైన పాత ఉత్తర్వుల జాబితా ఉంటుంది, అందరూ వదిలేసేది అదే. అసలు సంగతి చాలాసార్లు అక్కడే ఉంటుంది. తర్వాత సవరణ ఏమైనా వచ్చిందేమో కూడా చూడాలి. మనవైపు జిల్లా పేరుతోనూ జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4 దాకా రాజాం శ్రీకాకుళంలో ఉంది, ఇప్పుడు విజయనగరంలో. పాలకొండ మన్యం జిల్లాకు వెళ్లింది. 1979 జూన్‌కు ముందు కాగితాల్లో అయితే బొబ్బిలి కూడా శ్రీకాకుళం జిల్లాయే!

ఎక్కడా దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తెలుగులో, తెల్ల కాగితం మీద చాలు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ‘నా పని ఎందుకు చేయలేదు’ అని రాస్తే తప్పించుకుంటారు. ‘ఫలానా తేదీన నా దరఖాస్తు తిరస్కరించడానికి ఆధారమైన రూలు, జీవో లేదా మెమో నకలు ఇవ్వండి’ అని రాయండి. ఇచ్చినట్టు రసీదు మరవకండి, 30 రోజుల గడువుకు అదే లెక్క. జవాబు రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోగా పై అధికారికి అప్పీలు చేసుకోవాలి.